నకిలీ అన్న ఆరోపణకు జవాబు బిల్లే కానీ క్షమాపణ కాదు

ప్రశ్న: మాది విజయవాడ. నాలుగేళ్లుగా ఒక ఆన్‌లైన్ వేదికలో స్టీలు ఫ్లాస్కులు, టిఫిన్ డబ్బాలు అమ్ముకుంటున్నాను. పేరున్న ఒక కంపెనీ ఫ్లాస్కులను ఇక్కడి డిస్ట్రిబ్యూటరు దగ్గరే జీఎస్టీ బిల్లుతో కొంటాను. ఏడు నెలల్లో 212 కొన్నాను. సంక్రాంతి ముందు సరుకు దొరక్క, హైదరాబాద్‌లో ఒక టోకు వ్యాపారి దగ్గర అదే కంపెనీవి 38 బిల్లు లేకుండా తెచ్చి అదే అరలో సర్దాను. అన్నీ కలిపి ఇప్పుడు 140 మిగిలాయి. కొరియరు ఖర్చు తగ్గుతుందని కంపెనీ అట్టపెట్టె తీసేసి బబుల్ కవరులో పంపుతుంటాను. లిస్టింగులోని ఫోటోలు కంపెనీ వెబ్‌సైటువే. రెండు నెలల క్రితం కంపెనీ మనిషి ఫోన్ చేసి రేటు పెంచమన్నాడు, నేను పెంచలేదు. పోయిన వారం నకిలీ సరుకు, ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన, కాపీరైట్ ఉల్లంఘన అంటూ ఫిర్యాదు వచ్చిందని వేదిక నా లిస్టింగులు తీసేసింది. వెంటనే ఢిల్లీ నుంచి లాయరు నోటీసు వచ్చింది. ఏడు రోజుల్లో 5 లక్షలు కట్టాలట, వారి సరుకు ఇక అమ్మనని హామీపత్రం ఇవ్వాలట, లేకపోతే కోర్టు కేసు, పోలీసు కేసు అట. తప్పయిందని రాసిచ్చి, మా ఆవిడ పేరు మీద మరో అకౌంటు తెరుద్దామనుకుంటున్నాను. ఇది సరైన పనేనా? (పేరు వద్దన్న పాఠకుడు)

సమాధానం: రెండూ సరైన పనులు కావు. క్షమాపణ ఉత్తరం ఇంకా పంపి ఉండకపోతే దాన్ని ఆపండి, పంపేసి ఉంటే దాని నకలు తీసుకుని ఈ రోజే ఒక న్యాయవాదిని కలవండి. మీకు వచ్చింది ఒకే ఫిర్యాదులా కనిపిస్తున్నా అందులో మూడు వేర్వేరు ఆరోపణలు ఉన్నాయి, ఆ మూడింటిలో మీ స్థితి మూడు రకాలుగా ఉంది. బిల్లుతో కొన్న సరుకు విషయంలో న్యాయం మీ వైపే ఉంది. ఫోటోల విషయంలో తప్పు మీదే. బిల్లు లేని 38 ఫ్లాస్కులు అసలువో కావో మీకే తెలియదు. ఈ మూడింటినీ కలిపి తప్పయిందని ఒక్క ముక్కలో రాసిచ్చారంటే, చేయని నేరాన్ని కూడా మీ సంతకంతో ఒప్పుకున్నట్లవుతుంది. ఆ కాగితం రేపు కోర్టులో మీకు వ్యతిరేకంగా వాడడానికి వాళ్లకు మరే సాక్ష్యమూ అక్కర్లేదు.

ముందుగా నకిలీ అన్న మాట సంగతి చూద్దాం. కంపెనీలు తమ అనుమతి లేకుండా అమ్మే ప్రతివారినీ ఆ మాటతోనే ఫిర్యాదు చేయడం ఈ వ్యాపారంలో మామూలైపోయింది, ఎందుకంటే వేదికలు ఆ మాటకు స్పందించినంత వేగంగా మరే మాటకూ స్పందించవు. చట్టం దృష్టిలో మాత్రం అనుమతి లేని అమ్మకందారు వేరు, నకిలీ సరుకు వేరు. ట్రేడ్‌మార్కుల చట్టం, 1999లోని 30వ సెక్షన్ 3వ ఉపసెక్షన్ ప్రకారం, యజమాని స్వయంగా గానీ అతని సమ్మతితో గానీ మార్కెట్లోకి వచ్చిన సరుకును ఒకరు న్యాయబద్ధంగా కొని తిరిగి అమ్మితే, దాని మీద ఆ పేరు ఉన్నంత మాత్రాన అది ఉల్లంఘన కాదు. కంపెనీ తన ఫ్లాస్కును డిస్ట్రిబ్యూటరుకు అమ్మి, అతను మీకు బిల్లు వేసి అమ్మాక, ఆ ఫ్లాస్కు తదుపరి అమ్మకాన్ని కేవలం ట్రేడ్‌మార్క్ పేరుతో ఆపే హక్కు కంపెనీకి మిగలదు.

విదేశాల్లో కొని తెచ్చిన సరుకు విషయంలోనే ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ (ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం) 2012 అక్టోబరులో ఈ దారిలో తీర్పు ఇచ్చింది. శామ్‌సంగ్ ప్రింటర్లను బయటి దేశాల్లో కొని ఇక్కడ అమ్ముతున్న కపిల్ వాధ్వాను అంతకుముందు ఏకసభ్య ధర్మాసనం ఆపగా, డివిజన్ బెంచ్ ఆ అమ్మకాన్ని అనుమతించింది. అయితే ఇవి దిగుమతి చేసుకున్నవని, వారంటీ, సర్వీసు శామ్‌సంగ్ ఇవ్వదని, తామే ఇస్తామని కొనేవారికి స్పష్టంగా కనబడేలా ప్రకటించాలని షరతు పెట్టింది. మీ ఫ్లాస్కులు ఇక్కడి మార్కెట్లోనే కంపెనీ చేతుల మీదుగా వచ్చినవి కాబట్టి మీ స్థితి అంతకన్నా గట్టిది. ఆ షరతులోని నీతి మాత్రం మీకూ వర్తిస్తుంది. మీ లిస్టింగులో ఎక్కడైనా ‘అధీకృత విక్రేత’ అనో, కంపెనీ మీకు ఇవ్వని వారంటీ ఉందనో రాసి ఉంటే ఆ మాట వెంటనే తీసేయండి. 30వ సెక్షన్ అసలు సరుకును అసలు సరుకుగా అమ్మేవాడిని కాపాడుతుందే కానీ, లేని సంబంధాన్ని చెప్పుకునేవాడిని కాపాడదు.

రేటు పెంచమన్న ఫోన్ కాల్ చిన్న విషయం కాదు. అమ్మకపు ధరను కింది స్థాయి వ్యాపారుల మీద రుద్దడం కాంపిటీషన్ చట్టం, 2002లోని 3వ సెక్షన్ 4వ ఉపసెక్షన్ పరిధిలోకి వచ్చే విషయం. డీలర్లు ఇచ్చే డిస్కౌంట్లను కట్టడి చేసిందని 2021 ఆగస్టులో మారుతి సుజుకికి కాంపిటీషన్ కమిషన్ 200 కోట్ల రూపాయల జరిమానా విధించింది, దాని మీద కంపెనీ అప్పీలుకు వెళ్లింది. మీ ఒక్క కాల్‌తో అంత దూరం పోవాలని నేను చెప్పడం లేదు. ఆ కాల్ తేదీ, నంబరు, తర్వాత వాట్సాప్‌లో ఏమైనా సందేశం వచ్చి ఉంటే అది, అన్నీ భద్రపరచండి. అసలు గొడవ ధర గురించే అన్న మీ వాదనకు అవి ఆధారాలవుతాయి. జవాబులో మాత్రం ఈ ప్రస్తావనతో మొదలుపెట్టవద్దు. వేదికలో ఫిర్యాదు చూసే మనిషికి కావలసింది సరుకు ఎక్కడిదన్న సంగతి, కంపెనీ బుద్ధి ఎలాంటిదన్న సంగతి కాదు.

ఇప్పుడు మీకు నచ్చని మాటలు కొన్ని చెప్పాలి. అదే 30వ సెక్షన్‌లోని 4వ ఉపసెక్షన్, సరుకు మార్కెట్లోకి వచ్చాక దాని స్థితి మారినా, చెడినా, తదుపరి అమ్మకాన్ని వ్యతిరేకించే న్యాయమైన కారణం యజమానికి ఉంటుందంటుంది. మీరు కొరియరు ఖర్చు కోసం తీసిపారేస్తున్న అట్టపెట్టె ఇక్కడే అడ్డుపడుతుంది. ఫ్లాస్కు మారలేదు కదా అని మీరు వాదించవచ్చు, ఆ వాదనలో కొంత బలం ఉంది కూడా. కానీ ఎమ్మార్పీ, తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, ఫిర్యాదులకు సంప్రదించాల్సిన వివరాలు సాధారణంగా ఆ పెట్టె మీదే ఉంటాయి, ప్యాకేజ్డ్ సరుకుల మీద ఆ వివరాలు ఉండి తీరాలని లీగల్ మెట్రాలజీ నిబంధనలు, 2011 చెబుతున్నాయి. పెట్టె లేకుండా, వారంటీ కార్డు లేకుండా బబుల్ కవరులో వచ్చిన ఫ్లాస్కును చూసిన కొనుగోలుదారుడు డూప్లికేటు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. అలా అనుకున్న ఒకరిద్దరు రాసిన రివ్యూలే ఈ ఫిర్యాదుకు ఆధారం అయినా కావచ్చు. ఆర్డరు మీద పాతికో ముప్ఫయ్యో మిగిలితే మిగలవచ్చు, ఇకపై పెట్టెను మాత్రం ముట్టుకోకండి.

38 ఫ్లాస్కుల సంగతి ఇంతకన్నా బరువైనది. అవి అసలువే కావచ్చు. పండుగల ముందు డిస్ట్రిబ్యూటర్లే మిగులు సరుకును బిల్లు లేకుండా టోకు వ్యాపారులకు వదిలించుకోవడం ఉన్నదే. అయినా దాన్ని మీరు నిరూపించలేరు, న్యాయబద్ధంగా కొన్నానని చెప్పడానికి కచ్చా చీటీ కూడా మీ దగ్గర లేదు. తప్పుడు ట్రేడ్‌మార్క్ ఉన్న సరుకు అమ్మితే ట్రేడ్‌మార్కుల చట్టంలోని 104వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని, అనుమానించే కారణం తనకు కనబడలేదని, అడిగినప్పుడు సరుకు ఎవరి దగ్గర కొన్నదీ పూర్తిగా చెప్పానని రుజువు చేసుకున్నవాడికి ఆ సెక్షనే మినహాయింపు ఇస్తుంది. బిల్లు అడగకుండా కొనడం తగిన జాగ్రత్త అని ఏ కోర్టునైనా నమ్మించడం కష్టం. సరుకు ఎవరు ఇచ్చారో చెప్పడం మాత్రం ఇప్పటికీ మీ చేతిలో ఉంది. ఆ వ్యాపారి పేరు, డబ్బు పంపిన యూపీఐ వివరాలు, లారీ రసీదు ఉంటే అది, అన్నీ మీ న్యాయవాదికి ఇవ్వండి.

ఒకే అరలో కలిపేశారు కాబట్టి ఇప్పుడు వాటిని విడదీయడం ఎలా అన్నది అసలు చిక్కు. దీనికి దారి ఉంది. మిగిలిన 140 ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి కదా, ఒక్కొక్కదాని మీది తయారీ నెల, బ్యాచి నంబరు, ఎమ్మార్పీ స్టిక్కరు, ఫ్లాస్కు అడుగున చెక్కిన అక్షరాలు చూసి ఒక పుస్తకంలో రాసుకోండి. డిస్ట్రిబ్యూటరు ఏయే నెలల్లో ఏ బ్యాచి ఇచ్చాడో అతని దగ్గర తెలుసుకుని పోల్చండి. పోలినవి ఒక వైపు, పోలనివి, అనుమానం ఉన్నవి మరో వైపు పెట్టండి. ఇక అమ్మిన 110 సంగతి. 38 ఫ్లాస్కులు మీ ఇంటికి చేరిన తేదీకి ముందు పంపిన ఆర్డర్లన్నీ డిస్ట్రిబ్యూటరు సరుకే అన్నది నిస్సందేహం. ఆ తేదీ తర్వాత పంపినవాటి గురించి మీరు ఖచ్చితంగా చెప్పలేరు, చెప్పకూడదు కూడా. ఫిర్యాదులో కంపెనీ తాము తెప్పించి పరీక్షించిన ఆర్డరు నంబరు ఇచ్చిందేమో చూడండి, ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. ఆ ఆర్డరు తేదీ హైదరాబాద్ సరుకు రాకముందుదైతే నకిలీ అన్న ఆరోపణ మీ బిల్లుల ముందు నిలవడం కష్టం, తర్వాతిదైతే మీ జవాబు స్వరం తగ్గాల్సి ఉంటుంది.

ఫోటోల గురించి పొడుగాటి చర్చ అవసరం లేదు. ఫోటోకు కాపీరైటు రిజిస్ట్రేషన్ లేకుండానే వస్తుంది, కంపెనీ తీయించుకున్న ఫోటో కంపెనీది, సరుకు అసలుదైనంత మాత్రాన ఫోటో మీదైపోదు. వాటిని వాడడం ఆపేశానని, ఇకపై వాడనని ఒక్క వాక్యంలో ఒప్పుకోండి, ఆ ఒప్పుకోలు ఫోటోల వరకే పరిమితమని అదే వాక్యంలో ఉండాలి. కిటికీ వెలుతురులో తెల్ల చార్టు మీద పెట్టి మీ ఫోనుతోనే తీసుకోండి, ఫ్లాస్కు మీది కంపెనీ పేరు అందులో కనబడడం తప్పేమీ కాదు. వేరేవాళ్ల లిస్టింగుకు తగులుకుని అమ్మే అలవాటు ఉంటే అక్కడా జాగ్రత్త. అసలు సరుకు లేకుండా ఒకరి పేరునూ ఫోటోలనూ వాడుకుని వారి లిస్టింగు మీద ఎక్కి అమ్మడాన్ని ఢిల్లీ హైకోర్టు 2022లో ఆకాశ్ అగర్వాల్ కేసులో గట్టిగా తప్పుపట్టింది.

వేదికకు ఇచ్చే జవాబులో మూడే విషయాలు ఉండాలి. ఫిర్యాదు నంబరు, లిస్టింగు నంబరు వేసి, ఫలానా తేదీకి ముందు పంపిన ఆర్డర్లలోని సరుకు కంపెనీ డిస్ట్రిబ్యూటరు నుంచి ఫలానా బిల్లులతో కొన్నదని మొదట రాయండి. తర్వాత ఫోటోల ఒప్పుకోలు రాయండి. చివరగా, మిగిలిన నిల్వను బ్యాచీల వారీగా తనిఖీ చేస్తున్నానని, అది పూర్తయ్యేవరకు ఒక్కటి కూడా అమ్మనని చెప్పండి. దీనికి బిల్లులు జతచేయాలి. అవి జీఎస్టీ పోర్టల్లో మీ కొనుగోళ్లను చూపే జీఎస్టీఆర్-2బీ పట్టికలో కనబడుతున్నాయా అన్నది ముందే చూసుకోండి, డిస్ట్రిబ్యూటరు తన రిటర్నులో చూపించిన బిల్లు మీ 2బీలోకి వస్తుంది కాబట్టి ఆ పేజీని కూడా జతచేస్తే బిల్లు కల్పితమన్న అనుమానానికి చోటుండదు. మీరు కొన్న ధర కంపెనీకి తెలియకూడదనుకుంటే ధర గడిని కప్పవచ్చు, వేదికలు సాధారణంగా దానికి ఒప్పుకుంటాయి. బిల్లులో మరే అక్షరాన్నీ కంప్యూటరులో దిద్దకండి. తేదీ ఒకటి మార్చి పంపి, అసలు సరుకే అమ్మినా శాశ్వతంగా అకౌంటు పోగొట్టుకున్నవారిని నేను చూశాను.

పంపేముందు డిస్ట్రిబ్యూటరుకు ఒక మాట చెప్పడం మర్యాద మాత్రమే కాదు, అవసరం. ఆన్‌లైన్‌లో అమ్మేవారికి సరుకు ఇవ్వవద్దని కంపెనీకీ అతనికీ మధ్య ఒప్పందం ఉండవచ్చు. అది వారిద్దరి మధ్య ఒప్పందమే, దాని మీద సంతకం లేని మిమ్మల్ని అది కట్టివేయదు, అయినా బిల్లు బయటపడ్డాక అతనికి సరఫరా ఆగిపోయే ప్రమాదం నిజమైనదే. కంపెనీ సమ్మతి లేకుండా డైరెక్ట్ సెల్లింగ్ సరుకును, అంటే దుకాణాల్లో కాక ఏజెంట్లు నేరుగా అమ్మే సరుకును, ఆన్‌లైన్‌లో అమ్మరాదంటూ 2019 జూలైలో వచ్చిన ఉత్తర్వును 2020 జనవరి 31న ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ ఆమ్‌వే కేసులో రద్దు చేసింది. అది మీకు ధైర్యం ఇస్తుంది, అతని వ్యాపారాన్ని మాత్రం కాపాడదు. మీ బిల్లులు అసలువేనని అతను ఒక ఉత్తరం ఇస్తే మీ జవాబు బలం రెట్టింపవుతుంది, ఇవ్వనంటే బలవంతపెట్టకండి.

ఇక లాయరు నోటీసు. అందులో వేసిన 5 లక్షలు ఏ కోర్టో లెక్కగట్టిన నష్టం కాదు, అడిగిచూద్దామని వేసిన అంకె. గడువు ఏడు రోజులన్నది కూడా వాళ్లు పెట్టుకున్నదే. అలాగని జవాబు ఇవ్వకుండా ఊరుకోవద్దు, మౌనం రేపు మీకు వ్యతిరేకంగా చెప్పుకోవడానికి పనికొస్తుంది. వాళ్లు చెప్పిన ట్రేడ్‌మార్క్ నంబరును ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ కార్యాలయపు ఐపీ ఇండియా వెబ్‌సైటులో ఉచితంగా వెతికి చూడండి. రిజిస్టరయిందా, ఇంకా దరఖాస్తు దశలోనే ఉందా, ఫ్లాస్కుల వంటి వంటింటి సామాను వచ్చే 21వ తరగతిలోనే ఉందా, ఎవరి పేరు మీద ఉందన్నవి అక్కడ తెలుస్తాయి. హామీపత్రం మీద సంతకం పెట్టకండి. ఇకపై వారి సరుకు అమ్మనన్న వాక్యం, 30వ సెక్షన్ మీకు ఇచ్చిన హక్కును మీ చేతులతో మీరే వదులుకోవడం. నకిలీ సరుకు అమ్మనని, వారి ఫోటోలు వాడనని మాత్రమే రాసిన పత్రమైతే అందులో పోయేది ఏమీ లేదు, న్యాయవాది చదివిన తర్వాత ఇవ్వవచ్చు. మీ జవాబు మీ హక్కులకు భంగం లేకుండా ఇస్తున్నదని మొదట్లోనే రాయించి స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్లోనూ పంపించండి.

ఆధారం లేని బెదిరింపులను ఆపించమంటూ ట్రేడ్‌మార్కుల చట్టం 142వ సెక్షన్ కింద మీరే దావా వేయవచ్చని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. సెక్షన్ ఉన్న మాట నిజం. అయితే రిజిస్టరయిన యజమాని శ్రద్ధగా ఉల్లంఘన దావా వేసి నడిపిస్తే ఆ దారి మూసుకుపోతుంది, పైగా 38 బిల్లు లేని ఫ్లాస్కులు ఇంట్లో పెట్టుకుని కోర్టుకు వెళ్లేవాడు ఎదుటివారి పనిని సులువు చేసినవాడవుతాడు. దానికన్నా సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఏ సెక్షన్ కింద కేవియట్ వేయడం మేలు. మీ మాట వినకుండా ఏకపక్షంగా ఇంజంక్షన్ (అమ్మకాన్ని ఆపే ఉత్తర్వు) ఇవ్వకుండా అది 90 రోజులపాటు కాపు కాస్తుంది. నోటీసు ఢిల్లీది కాబట్టి దావా అక్కడ పడే అవకాశం ఎంతో మీ న్యాయవాదితో మాట్లాడి ఏ కోర్టులో వేయాలో నిర్ణయించుకోండి. పోలీసుల సంగతికొస్తే, వారంటు లేకుండా సోదా చేసి సరుకు పట్టుకునే అధికారం ట్రేడ్‌మార్కుల చట్టం కింద డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారికే ఉంది, అదీ ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రారు అభిప్రాయం తీసుకున్న తర్వాతే. ఒక కానిస్టేబులు వచ్చి పెట్టెలు ఎత్తుకుపోతానంటే ఈ సంగతి మర్యాదగా గుర్తు చేయండి.

మీ ఆవిడ పేరు మీది అకౌంటు ఆలోచన మానుకోండి. చిరునామా, ఫోను, బ్యాంకు, సరుకు తీసుకెళ్లే చోటు కలిసిపోవడంతో వేదికలు ఇలాంటి జంటలను సులువుగానే పట్టుకుంటాయి. అప్పుడు ఫిర్యాదు పరిష్కారమైనా పాత అకౌంటు తిరిగి రాదు, ఆవిడ పేరు కూడా కేసులోకి వస్తుంది. ఈలోగా మీ టిఫిన్ డబ్బాల లిస్టింగులు బతికే ఉంటే వాటి మీద వ్యాపారం నడుపుకోండి, వాటిలోనూ కంపెనీ ఫోటోలుంటే ఈ రోజే మార్చండి.

పోలని ఫ్లాస్కులు ఎన్ని తేలితే అన్నింటినీ విడిగా కట్టి, మీద తేదీ రాసి, ఫోటో తీసి పక్కన పెట్టండి. వాటిని వేరే ఊళ్లో అమ్మేయడం, హైదరాబాద్ వ్యాపారికే గుట్టుగా తిప్పి పంపడం, పారేయడం, ఈ మూడూ సాక్ష్యాన్ని మాయం చేసినట్లు కనబడతాయి. కంపెనీ పరీక్షించుకుంటానంటే రసీదు తీసుకుని రెండు మూడు ఇవ్వండి. అసలువని తేలితే అప్పుడు ఆలోచించవచ్చు, నకిలీవని తేలితే ఆ వ్యాపారి వివరాలతో పాటు అప్పగించి, వాటిని కొన్న ఖరీదు పోయిందనుకోండి. హైదరాబాద్ సరుకు వచ్చిన తేదీ తర్వాత కొన్నవారిలో ఎవరైనా అనుమానంతో వెనక్కి పంపితే మారు మాట్లాడకుండా డబ్బు తిరిగి ఇచ్చేయండి, నకిలీ సరుకును వాపసు తీసుకోనని చెప్పే వీలు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారుకు లేదు.